మస్కట్ ముచ్చట్లు: చుక్కల ముగ్గు వస్తే డిజైన్ సగం వచ్చినట్టే!

మా మస్కట్‌లో ఎండలు తగ్గుముఖం పట్టాయి. సాయంత్రాలు పిల్లల్ని తీసుకుని మత్రా కార్నిష్ మీద నడిచే రోజులు మళ్ళీ వచ్చాయి. ఈ నెల వంటల జోలికి, ప్రయాణాల జోలికి పోవడం లేదు. మనలో చాలామందికి పనికొచ్చేది, నేను పరువు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నది ఒకటి చెప్తాను.

పోయిన ఏడాది మా ఇంట్లోనే వారానికి ఒక గంట పిల్లలకి తెలుగు చదవడం, రాయడం నేర్పుదామనుకున్నాను. మా పాప రెండో తరగతి. తెలుగు గలగలా మాట్లాడుతుంది. కానీ పుట్టినరోజుకి వాళ్ళ అమ్మమ్మ పంపిన కార్డు మీద నాలుగు ముక్కలు తెలుగులో రాసి ఉంటే, అది నా చేతికిచ్చి "అమ్మా, ఏం రాసిందో చదువు" అంది. ఆ రోజు మనసు చివుక్కుమంది. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కదా, శనివారం పొద్దున్న పదింటికి క్లాసు అని ఖాయం చేసుకున్నాను.

అందరికీ తెలియాలి కాబట్టి పోస్టర్ చేయాలి. రాత్రి పదకొండింటి దాకా ఫోన్‌తో కుస్తీ పట్టాను. వెనకాల సముద్రం మీద సూర్యాస్తమయం ఫోటో. దాని మీద సరస్వతీదేవి, పలక, బలపం, చిలక, బెలూన్లు. చుట్టూ మెరుపుల అంచు. పసుపు, గులాబీ, లేత నీలం అక్షరాలు, ఒక్కో వాక్యానికి ఒక్కో ఫాంట్. అన్నీ అయ్యాక టైము, చిరునామా రాయడానికి చోటు లేక కింద చీమల బారులా ఇరికించాను. నా కళ్ళకి అది అద్భుతంగా కనిపించింది. నాకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంపేశాను. చప్పట్లు, దండాలు, గులాబీలు బోలెడు వచ్చాయి.

శనివారం హాల్లో కార్పెట్ పరిచి, పలకలు పెట్టి, జంతికలు డబ్బాలో పోసి కూర్చున్నాను. వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడు పక్క ఫ్లాట్ అక్క వాళ్ళబ్బాయి. ఇంకొకరు మా పాపే!

తర్వాత సూపర్ మార్కెట్లో కనిపించిన ఒకావిడని "పోస్టర్ చూడలేదాండీ?" అని అడిగాను. "చూశానండీ, ఏదో పండగ గ్రీటింగ్ అనుకుని దండం బొమ్మ పెట్టేశాను" అన్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ వీడియో కాల్‌లో తగిలింది. మా అత్తయ్యగారు టీచరుగా చేసి రిటైరయ్యారు. కళ్ళజోడు సవరించుకుని పోస్టర్ చూసి, "అమ్మాయ్, అక్షరాలు అన్న మాటే విరిగిపోయిందేంటమ్మా? షవత్తు కిందికి రాకుండా పక్కన కూర్చుంది. తెలుగు నేర్పుతామని చెప్పే కాగితం మీదే తెలుగు సరిగ్గా లేకపోతే పిల్లల్ని ఎవరు పంపుతారు?" అన్నారు. మా వారు నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నేను చదివింది బీఎస్సీ. ప్రయోగం తప్పితే ఎక్కడ తప్పిందో వెతకడం అలవాటు. పాప స్కూలుకెళ్ళాక దొరికే రెండు గంటల్లో గ్రాఫిక్ డిజైన్ పాఠాలు మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, గ్రాఫిక్ డిజైన్ అంటే కాగితం నిండా బొమ్మలు పెట్టడం కాదని. మనం చెప్పదలచుకున్నది చూసేవాళ్ళకి తొందరగా, పొరపాటు లేకుండా, చూడబుద్ధయ్యేలా అందించడం. దానికి కొన్ని మూల వస్తువులు ఉన్నాయి. వంటకి పప్పు, ఉప్పు, చింతపండు ఉన్నట్టు. వాటిని కలిపే పద్ధతులు కొన్ని ఉన్నాయి. పోపు ఎప్పుడు వేయాలి, ఉప్పు ఎంత పడాలి అన్నట్టు. అవన్నీ మనకి ముందే తెలిసినవే, పేర్లు మాత్రమే కొత్త.

చుక్క

డిజైన్‌లో మొదటి అక్షరం చుక్క. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అనగానే మీకు ముగ్గు కళ్ళముందు కనిపిస్తుంది కదా? మధ్య వరసలో 15, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 దాకా. మొత్తం లెక్కేస్తే 169 చుక్కలు. ఆ చుక్కలు ముగ్గులో చివరికి ఎవరికీ కనపడకపోవచ్చు, కానీ గీత ఎటు తిరగాలో అవే చెప్తాయి. డిజైనర్లు దీన్నే గ్రిడ్ అంటారు. వాళ్ళు డబ్బు కట్టి నేర్చుకున్నది మనకి ధనుర్మాసంలో వాకిట్లో వచ్చేసింది.

చుక్కలు దగ్గర దగ్గరగా చేరితే బొమ్మ అవుతుంది. ఫోన్ తెర మీద ఫోటో అంతా పిక్సెల్ అనే చుక్కలే. మస్కట్ వచ్చినవాళ్ళు సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మాస్క్ తప్పక చూస్తారు. 2001లో ప్రారంభించారు. అక్కడి ప్రార్థనా మందిరంలో పరిచిన తివాచీ చేత్తో అల్లింది, దాంట్లో దాదాపు 170 కోట్ల ముళ్ళు, 28 రంగులు ఉన్నాయని చెప్తారు. దగ్గరికెళ్ళి చూస్తే ముడి, దూరం నుంచి చూస్తే పువ్వు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఏ4 కాగితం మీద శుభ్రంగా ప్రింట్ రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలని లెక్క. అంటే బొమ్మ సుమారు 2480 × 3508 పిక్సెల్స్ ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన చిన్న ఫోటోని పెద్దది చేస్తే మసకబారుతుంది. పాలలో నీళ్ళు పోస్తే గిన్నె నిండుతుంది గానీ చిక్కదనం రాదు కదా! అందుకే ప్రింట్ షాపుకి పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

గీత

చుక్క నడిస్తే గీత. అడ్డగీత నిలకడగా, నిలువు గీత ఠీవిగా, ఏటవాలు గీత పరుగెడుతున్నట్టు అనిపిస్తాయి. గీత పని రెండు రకాలు. ఒకటి కలపడం, రెండోది విడదీయడం. 1933లో లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ళకి హ్యారీ బెక్ గీసిన కొత్త మ్యాపు వచ్చింది. ఆయన పనిచేసింది ఎలక్ట్రికల్ డ్రాయింగులు గీసే విభాగంలో. ఊరి వంకరటింకర దారుల్ని వదిలేసి, మనం ఫిజిక్స్ రికార్డులో సర్క్యూట్ గీసినట్టు అడ్డం, నిలువు, 45 డిగ్రీల గీతలతోనే మొత్తం చూపించాడు. ప్రయాణికుడికి కావాల్సింది ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నదే గానీ వీధి ఎంత మెలిక తిరిగిందన్నది కాదు. ఇప్పటికీ ప్రపంచంలో చాలా మెట్రో మ్యాపులు అదే దారిలో ఉన్నాయి.

నా పోస్టర్‌లో మెరుపుల అంచు కలపనూ లేదు, విడదీయనూ లేదు. ఊరికే కళ్ళని పక్కకి లాగింది. తీసేశాను.

ఆకారం

గీత తిరిగి తనను తాను కలిస్తే ఆకారం. గుండ్రం, చదరం, త్రికోణం, ఆకు, చేప, ఏదైనా. ఆకారం మాటకన్నా ముందు మాట్లాడుతుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు అరబీ ఒక్క అక్షరం రాదు. అయినా ఎనిమిది పలకల ఎర్ర బోర్డు కనపడితే ఆగాలని తెలిసిపోయేది. ఇంటి బొమ్మ, ఫోన్ బొమ్మ, గడియారం బొమ్మ కూడా అంతే. "సమయం" అని రాయకుండా చిన్న గడియారం గుర్తు పెడితే చాలు. అయితే గుర్తులన్నీ ఒకే తీరులో ఉండాలి. ఒకటి గీతలతో, ఒకటి రంగులు నింపి, ఒకటి ఫోటో అయితే అరువు తెచ్చిన గిన్నెల్లా ఒక దానికొకటి పొసగవు.

రంగు

ఇక్కడే మనమంతా పప్పులో కాలేస్తాం. ఒమన్ రోడ్ల మీద కార్ల నెంబర్ ప్లేట్లు గమనించారా? సొంత కార్లకి పసుపు మీద నల్ల అంకెలు, టాక్సీల వంటి వ్యాపార వాహనాలకి ఎరుపు మీద తెల్ల అంకెలు. దూరం నుంచే తేడా తెలుస్తుంది. ఇక్కడ రంగు అలంకారానికి కాదు, సమాచారానికి.

రంగుకి మూడు గుణాలు ఉంటాయి. ఏ రంగు అన్నది ఒకటి, ఎంత లేత లేదా ముదురు అన్నది రెండు, ఎంత గాఢంగా లేదా వెలిసినట్టు ఉంది అన్నది మూడు. చదవడానికి ముఖ్యమైనది రెండోది. పసుపు, తెలుపు వేరే రంగులే అయినా రెండూ లేతవే. అందుకే తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు కనపడవు. దీనికి ఒక చిట్కా. మీ డిజైన్‌ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అప్పుడు కూడా అక్షరాలు స్పష్టంగా ఉంటే పాసైనట్టే. వెబ్ పేజీల ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుతురు తేడా కనీసం 4.5:1 ఉండాలని పెట్టారు. చదివే వాళ్ళలో మన అత్తయ్యలు, మామయ్యలు కూడా ఉంటారు కదా. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియనివాళ్ళూ ఉంటారు. ఆ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి మగవాళ్ళలో ఎక్కువ. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు వాళ్ళకి కలిసిపోతాయి.

రంగుకి అర్థం కూడా ఉంటుంది. శుభలేఖ నాలుగు మూలలా పసుపు పూసి పంపే ఇంటివాళ్ళం మనం. మన జెండా సంగతే చూడండి. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా అందించారు. ఎరుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం. తెలుపు కూడా చేర్చమన్నది గాంధీగారి సూచన. మార్పులు జరుగుతూ 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన రూపం ఇప్పుడు మనం ఎగరేసేది. ఒక దేశాన్ని మూడు రంగుల్లో, ఒక చక్రంలో చెప్పగలిగినప్పుడు నా శనివారం క్లాసుకి పదకొండు రంగులు ఎందుకు?

కొత్తవాళ్ళకి మూడు రంగులు చాలు. ఎక్కువ చోట ఒక నెమ్మదైన రంగు, దానికి తోడు ఇంకొకటి, ముఖ్యమైన ఒకటి రెండు చోట్ల మాత్రమే మెరిసే రంగు. అరవై, ముప్ఫై, పది పాళ్ళు అని గుర్తుపెట్టుకోండి. చీర, జాకెట్టు, బొట్టు అనుకుంటే ఇంకా తేలిక.

ఇంకొక్క మాట. తెర మీద రంగు వెలుతురుతో వస్తుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిసి. కాగితం మీద రంగు సిరాతో వస్తుంది, నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాలు కాంతిని పీల్చుకోవడం వల్ల. అందుకే ఫోన్‌లో మెరిసిపోయే చిలకపచ్చ ప్రింట్‌లో వెలవెలబోతుంది. ప్రింట్ షాపువాడి తప్పేమీ లేదు. ఎక్కువ కాపీలు తీసేముందు ఒక్కటి తీయించి చూసుకోండి.

నేత, గరుకు, నునుపు

దీన్ని టెక్స్చర్ అంటారు. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీసిన గీతకి ఒక తీరు, పెడన అచ్చుల కలంకారీలో అద్దిన పువ్వుకి ఇంకో తీరు. చెయ్యి పెట్టకుండానే తేడా కంటికి తెలుస్తుంది. తెర మీద ముట్టుకోవడానికి ఏమీ ఉండదు, కానీ ఖాదీ కాగితంలా, గోడ సున్నంలా, నేత చీరలా కనిపించేట్టు చేయొచ్చు. పండగ పిలుపుకి లేత కలంకారీ అంచు ఎంతో బాగుంటుంది. కానీ అక్షరాల కింద మాత్రం వద్దు. నా సూర్యాస్తమయం ఫోటోలో అలలు, మబ్బులు, పడవలు, వాటి మీద అక్షరాలు. పూల చీర మీద పూసల గొలుసు వేసుకుంటే గొలుసు కనపడుతుందా?

ఖాళీ

నాకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే. చోటు కనపడితే ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. ఫ్రిజ్ మీద ఖాళీ కనపడినా అంతే కదా మనకి! కానీ జరీ అంచు అందం తెలియాలంటే చీర ఒళ్ళంతా సాదాగా ఉండాలి. మస్కట్ కొత్తగా చూసినవాళ్ళు ముందు అనేది ఒకటే మాట, "ఊరంతా తెల్లగా ఉందే" అని. తెలుపు, లేత గోధుమ రంగు ఇళ్ళు, వెనకాల గోధుమ రంగు కొండలు. ఆ మధ్యలో ఒక నీలి తలుపో, కాగితంపూల గుత్తో ఎంత చక్కగా కనపడుతుందో.

ఇందులో మనకి గురువు బాపు గారు. ఆయన బొమ్మల్లో నాలుగు గీతలతో అమ్మాయి వచ్చేస్తుంది. మిగిలిన తెల్ల కాగితమంతా ఆ అమ్మాయి కోసమే ఉన్నట్టుంటుంది. ఖాళీ కూడా ఆకారం అవుతుందనడానికి ఫెడెక్స్ కొరియర్ లోగో చూడండి. 1994లో లిండన్ లీడర్ చేసింది. ఇంగ్లీషు ఈ, ఎక్స్ అక్షరాల మధ్య ఖాళీలో తెల్ల బాణం గుర్తు ఉంటుంది. ఒకసారి కనపడితే ఇక కనపడకుండా ఉండదు.

అక్షరం

ఇక అసలు సంగతి. డిజైన్ పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాల కోసం రాసినవి. తెలుగుకి కొన్ని వేరే జాగ్రత్తలు కావాలి. నేను తప్పులు చేసి తెలుసుకున్నవి ఇవి.

ఒకటి, తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషుకి సరిపోయిన వరసల ఎడం మనకి సరిపోదు. పై వరస ఒత్తు, కింద వరస గుడి కొట్టుకోకుండా వరసల మధ్య ఎడం పెంచండి.

రెండు, అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకండి. ఇంగ్లీషు శీర్షికలకి అది ఫ్యాషన్, మనకి గుణింతం, ఒత్తు అక్షరం నుంచి విడిపోయే ప్రమాదం.

మూడు, మనకి పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు లేవు. ముఖ్యమైన మాట చూపించాలంటే సైజు, మందం, రంగు, ఈ మూడే దారులు. అయితే మన అక్షరాలు గుండ్రటివి, లోపల చిన్న చిన్న ఖాళీలు ఉంటాయి. చిన్న సైజులో మరీ లావు ఫాంట్ వాడితే ఆ ఖాళీలు పూడిపోయి మ, య తేడా తెలియదు.

నాలుగు, ఒత్తులు విరగడం. తెలుగు సంయుక్తాక్షరాలని కలిపి చూపించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. అది లేకపోతే "అమ్మ" కాస్తా "అమ్‌మ" అవుతుంది, "క్ష" కాస్తా "క్‌ష" అవుతుంది. నా పోస్టర్‌కి జరిగింది ఇదే. యూనికోడ్ ఫాంట్ వాడండి. పూర్తయ్యాక ఒక్కో మాటా వేలు పెట్టి చదవండి. ఇంకొకరితో చదివించండి. మా ఇంట్లో ఈ పని మా అత్తయ్యగారిది. ఆవిడ సరే అనకుండా ఏదీ బయటికి పోదు.

ఫాంట్లకి డబ్బు పెట్టక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, గిడుగు, గురజాడ, ధూర్జటి, పెద్దన లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ పేర్లు చదువుతుంటేనే సాహిత్య చరిత్ర పాఠంలా ఉంటుంది. శీర్షికకి రామభద్ర లాంటి బరువైనది, వివరాలకి మండలి లాంటి తేలికైనది, అంతే. ఒక పోస్టర్‌కి రెండు ఫాంట్లు చాలు. బాపు గారి చేతిరాతకి వచ్చిన అందం కూడా అక్షరాలన్నీ ఒకే చెయ్యి రాసినట్టు ఉండటం వల్లనే.

కలిపి వండటం

వస్తువులు అయిపోయాయి. ఇక కలపడం. 1994లో రాబిన్ విలియమ్స్ అనే రచయిత్రి (సినిమా నటుడు కాదు!) డిజైనర్లు కానివాళ్ళ కోసం ఒక పుస్తకం రాశారు. అందులో నాలుగు సూత్రాలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. నా మాటల్లో చెప్తాను.

దగ్గరితనం: సంబంధం ఉన్నవి పక్కపక్కన ఉండాలి. తేదీ, టైము, చోటు ఒకే చోట. పోపుల డబ్బాలో ఆవాలు, జీలకర్ర పక్కపక్కన ఉన్నట్టు.

వరస: ప్రతి వస్తువూ ఇంకో దానితో ఒక వరసలో ఉండాలి. మనకి అన్నీ మధ్యకి పెట్టడం అలవాటు. శుభలేఖకి అది నిండుగా ఉంటుంది. కానీ వివరాలు ఎక్కువగా ఉంటే ఎడమ వరస పట్టుకుంటే చదవడం తేలిక. ఇక్కడ ఇంకో సంగతి. అరబీ కుడి నుంచి ఎడమకి కదా, మీ బిల్డింగ్ నోటీసులో అరబీ కూడా ఉంటే దాన్ని కుడి అంచుకి, ఇంగ్లీషుని ఎడమ అంచుకి పెట్టండి. ఇక్కడి బోర్డులు గమనిస్తే మీకే తెలుస్తుంది.

మళ్ళీ మళ్ళీ: ఒకసారి వాడిన రంగు, ఫాంట్, గుర్తు మళ్ళీ వాడండి. పెడన అచ్చు ఒక్కటే, అది పదే పదే పడితేనే చీర.

తేడా: ముఖ్యమైనది నిజంగా పెద్దగా ఉండాలి. కొంచెం పెద్ద అంటే పొరపాటున పెరిగినట్టు ఉంటుంది. అన్నీ అరిస్తే ఏదీ వినపడదు.

వీటన్నిటికన్నా ముందు కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోండి. చూసేవాళ్ళు మూడు సెకన్లే చూస్తే వాళ్ళకి ఏం తెలియాలి? నా విషయంలో జవాబు "పిల్లలకు తెలుగు క్లాసు". ఆ మాట నా మొదటి పోస్టర్‌లో చిలక కింద ఉంది!

రెండో పోస్టర్

మీగడ రంగు కాగితం. మధ్యలో పెద్దగా ఒకే ఒక్క అక్షరం, "అ". ముదురు నీలంలో. దాని కింద "మీ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం". ఎడమ వరసలో వయసు, రోజు, టైము, చోటు, ఫోన్ నెంబరు. "ఉచితం" అన్న ఒక్క మాట కుంకుమ రంగులో. అంతే. మా వారు చూసి "ఇంకేం పెట్టవా?" అన్నారు. చెయ్యి లాగింది గానీ పెట్టలేదు. అత్తయ్యగారు రెండుసార్లు చదివి, "ఇప్పుడు పంపు" అన్నారు.

ఆ శనివారం తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. జంతికలు చాలలేదు. ఒకావిడ "ఈ క్లాసు ఎప్పుడు మొదలుపెట్టారండీ?" అని అడిగారు. అప్పటికి రెండు నెలలైంది. ఆ రెండు నెలలూ ఆవిడ ఫోన్‌లో నా మొదటి పోస్టర్ ఉంది. పిల్లల్ని తెలుగుకి పంపడం ఎవరికీ ఇష్టం లేదేమో, నాకే ఈ పిచ్చి అనుకుని అప్పటికి మానేద్దామని కూడా అనుకున్నాను. తప్పు వాళ్ళ ఇష్టంలో లేదు, నా కాగితంలో ఉంది.

అలాగని పోస్టర్‌కి లేని గొప్ప అంటగట్టను. పోస్టర్ పిల్లల్ని గుమ్మం దాకా తెస్తుంది, అంతే. తర్వాత ఇద్దరు మానేశారు, ఏడుగురు నిలిచారు. దీర్ఘాలు, ఒత్తులు, అలకలు అన్నీ ఉన్నాయి. మా పాప ఈ మధ్య అమ్మమ్మ కార్డు బయటికి తీసి కూడబలుక్కుని చదివింది. "చిట్టితల్లికి" దగ్గర ట కింద ఒత్తు చూసి ఆగి, మళ్ళీ చదివింది. నేను సాయం చేయలేదు.

మీరూ మొదలుపెట్టండి

పరికరాలు కొనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో చదువుకునే రోజుల్లో మెలనీ పెర్కిన్స్ తోటి విద్యార్థులకి డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పేది. ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకోవడానికే వాళ్ళకి నెలలు పట్టడం చూసి, తేలికైనది ఎందుకు ఉండకూడదని ఆలోచించింది. 2013లో వచ్చిన కాన్వా అలా పుట్టింది. ఫోన్‌లో దానితో మొదలుపెట్టొచ్చు. కంప్యూటర్ ఉంటే ఇంక్‌స్కేప్, జింప్ ఉచితం. ఏది వాడినా ముందు పెన్సిలుతో తెల్ల కాగితం మీద గీసుకోండి.

రెండు జాగ్రత్తలు. నెట్‌లో వెతికితే వచ్చిన ప్రతి బొమ్మా మనది కాదు, ఎవరో గీసినది. ఉచితంగా వాడుకోవచ్చని రాసి ఉన్నవే తీసుకోండి. ఇంకా మంచిది, మీరు వేసిన ముగ్గునే ఫోటో తీసి వాడండి. రెండోది, చెయ్యి తిరిగాక ఎవరైనా డబ్బిచ్చి చేయించుకుంటామంటే సంతోషమే. కానీ ఫ్యామిలీ వీసా మీద ఉన్నవాళ్ళం మీరున్న దేశంలో దానికి ఏ అనుమతి కావాలో ముందు కనుక్కోండి.

ఈ నెల మీకు ఇంటిపని. మీ ఇంట్లో ఉన్న ఒక పాత శుభలేఖో, పోస్టరో, పచ్చడి సీసా లేబులో తీసి ముందు పెట్టుకోండి. చుక్క, గీత, ఆకారం, రంగు, టెక్స్చర్, ఖాళీ, అక్షరం, ఈ ఏడూ దాంట్లో ఎక్కడున్నాయో వెతకండి. తర్వాత దాన్నే రెండు ఫాంట్లు, మూడు రంగులతో మళ్ళీ చేయండి. పెట్టినదాన్ని చూసి కాదు, తీసేసినదాన్ని చూసి మార్కులు వేసుకోండి.

పిల్లలు స్కూలు నుంచి వచ్చే టైమైంది, బస్సు హారన్ వినపడుతోంది. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి!